బొంబాయికి పోయిన దేవుని కుండ

జడ్చర్ల స్టేషనుకు ఒక పూట నడకలో ఉన్న ఆ ఊళ్లో, క్రిస్మస్ నాడు క్రైస్తవ సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు దగ్గర ఈదమ్మ ప్రవర్తన చూసి పరాయి ఊళ్ల చుట్టాలు ముక్కున వేలేసుకునేవారు. వంట దింపీ దింపకముందే ఆమె పోయి వరుసలో మొదట కూర్చునేది. ఆ ఏడు సంఘంలో అందరికంటే లేనిదెవరో చూసి, గరిటె ఆమె చేతికి ఇప్పించి, "ముందుగాల నాకు పెట్టు" అని చెయ్యి చాపేది. గింజల పెత్తనం, వంట పెత్తనం అన్నీ తన చేతిలోనే ఉన్న మనిషికి ఇంత ఆబ ఎందుకని చుట్టాలు గుసగుసలాడేవారు. ఊరివాళ్లు మాత్రం నవ్వేవాళ్లు కాదు. బొంబాయికి పోయినవాళ్లలో ఒకరు గొడుగు తెచ్చుకున్నారు, ఒకరు ట్రంకుపెట్టె తెచ్చుకున్నారు. ఈదమ్మ తెచ్చుకున్నది ఈ అలవాటేనని వాళ్లకు తెలుసు.

ఈదమ్మ పుట్టింది భూమి లేని ఇంట్లో. ఊరవతలి ఆ వాడలో భూమి ఉన్న ఇల్లంటూ లేదు కాబట్టి అదొక విశేషం కాదు. తల్లి చిన్నప్పుడే పోతే అవ్వ బాలనర్సమ్మ పెంచింది. అవ్వ పటేలు కల్లంలో వెట్టి చేసేది. జొన్నల కొలతలు అన్నీ అయ్యాక అడుగున మిగిలిన మట్టిగింజలు ఆమెవి. వాటినైనా చేతికిచ్చేవారు కాదు. ఆమె కొంగు పట్టుకుని దూరంగా నిలబడితే, పటేలు మనిషి చేట పైకెత్తి, ఎక్కడా తగలకుండా జారవిడిచేవాడు. సగం కొంగులో పడేవి, సగం నేలపాలయ్యేవి. నేలమీదివి ఏరడం ఈదమ్మ పని. పటేలు ఇంటి కోళ్లు కూడా అదే పని మీద ఉండేవి. ఒకసారి ఈదమ్మ, వాళ్లు చేట కొంచెం కిందికి దించి పోయొచ్చు కదా, నువ్వెందుకు అడగవు అని అవ్వను అడిగింది. "కింది చెయ్యికి నోరుండదు బిడ్డా" అంది అవ్వ.

వాడ మిషనులో కలిశాక లోకమేమీ తలకిందులు కాలేదు. పటేలు పటేలే, వెట్టి వెట్టే. పాస్టరు ఈదమ్మకు ఎస్తేరని పేరు పెట్టాడు కానీ ఆ పేరు ఆదివారాలు కూడా ఎవరికీ గుర్తొచ్చేది కాదు. అయితే, వాక్యం చెప్పడానికి ఊరూరూ తిరిగే బిక్షమ్మ అనే ముసలావిడ అక్కడొక ఆచారం నాటి పోయింది. విసుర్రాయిలో గింజలు విసిరే ముందు ఇంటి ఆడది పిడికెడు తీసి ఒక కుండలో వెయ్యాలి. ఆ కుండ దేవునిది. ఇంట్లో ఏమున్నా లేకున్నా దాని జోలికి పోకూడదు. క్రిస్మస్ పొద్దున అందరూ తమ కుండలు తెచ్చి గుడి ముందు వరుసగా కూర్చుంటే, సంఘం పెద్ద వచ్చి ఒక్కొక్క కుండ అందుకుని పెద్ద గంపలో పోస్తాడు. ఆ గింజలతోనే అందరికీ వంట.

మొదట విన్నప్పుడు వాడంతా నవ్వింది. మనమే పిడికెడు కోసం ఊరిమీద పడతాం, మనం ఒకరికి పెట్టడమేమిటని. బిక్షమ్మ వాదించలేదు. ఒకసారి వేసి చూడమంది. బాలనర్సమ్మ వేసింది. వేసి, ఖాళీ అయిన తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది, అది ఇంకెవరి చెయ్యో అన్నట్టు. పుట్టి బుద్ధెరిగాక ఆ అరచెయ్యి బోర్లించి ఒకరికి ఇచ్చింది అదే మొదలు. ఆ చూపు ఈదమ్మ మనసులో నాటుకుపోయింది. పాస్టరు చెప్పే పాపం, రక్షణ, పరలోకం ఆమెకు సగం సగమే అర్థమయ్యేవి. ఇది మాత్రం పూర్తిగా అర్థమైంది. మన చెయ్యి మీదుండాలి, మళ్లీ కిందికి పోకూడదు.

యోహానుతో పెళ్లయింది, రూతమ్మ పుట్టింది, ఆ వెంటనే వానలు మొహం చాటేశాయి. పాలమూరుకు కరువు మేనత్త లాంటిది, పిలవకున్నా వస్తుంది, పొమ్మన్నా పోదు. మల్లప్ప అనే మేస్త్రీ, బొంబాయిలో సముద్రం ఒడ్డున అంతస్తుల మేడలు లేస్తున్నాయని, తట్టలు మోయడానికి మనుషులు కావాలని గుంపును కూడగట్టాడు. వేరే రాజ్యం, వేరే మాట, నిజాం సర్కారు రూపాయి చెల్లని చోటు. అయినా యోహాను ఒప్పుకున్నాడు. ఈదమ్మ చీరల మూట కట్టింది, విసుర్రాయి కట్టింది, దేవుని కుండను పాత గొంగడిలో చుట్టింది. బొంబాయిలో కుండలు దొరకవా అని యోహాను విసుక్కున్నాడు. దొరికినా అవి దేవునివి కావని ఆమె జవాబు. వాడి అనే జంక్షనులో రైలు మారేటప్పుడు తొక్కిసలాటైంది. యోహాను బిడ్డను ఎత్తుకున్నాడు, ఈదమ్మ కుండను ఎత్తుకుంది, విసుర్రాయి అక్కడే ఉండిపోయింది. ఎవరికేది ముఖ్యమో ఆ గడియలో తేలిపోయింది.

బొంబాయిలో మేడ కడుతున్న జాగా వెనకాలే రేకుల గుడిసెలు. పొద్దున్నుంచి పొద్దుమూకేదాకా సిమెంటు కంకర తట్టలు నెత్తికెత్తుకుని నిచ్చెనలెక్కడం. మల్లప్ప వారానికోసారి జొన్నలు కొలిచి పోసేవాడు. గుంపులో ఒకామె దగ్గర విసుర్రాయి ఉండేది, అందరూ వంతులవారీగా విసురుకునేవారు. ఈదమ్మ ప్రతిసారీ ముందు పిడికెడు తీసి కుండలో వేసేది. ఈ పట్నంలో మన గుడి ఎక్కడుందో, కుండ ఎవరికి పోయాలో ఆమెకు తెలియదు. తెలియదని మానలేదు. మేడ ఒక్కొక్క అంతస్తే లేస్తుంటే కుండలో గింజలు కూడా లేస్తూ వచ్చాయి. రోజంతా మేస్త్రీ కేకలు, పరాయి భాషలో తిట్లు పడి వచ్చిన మనిషి ఆ కుండలోకి ఒకసారి తొంగి చూస్తే చాలు, తానూ ఒక మనిషినే అనిపించేది.

అట్లా ఉండగా చలికాలం వచ్చింది. బొంబాయి చలి మన చలి కాదు, పేరుకు చలి. కానీ తెల్లదొరలకు అది పండుగల కాలం. మేడ కట్టించే ఇంజనీరు దొర క్రిస్మస్‌కు ముందే శికారుకు పోతూ, కొత్త సంవత్సరం దాటేదాకా పని బందు అన్నాడు. దొరలకు సెలవంటే సుఖం, కూలివాళ్లకు సెలవంటే పస్తు. మల్లప్పకు ఆ సంగతి తెలుసు కాబట్టి, కళ్యాణ్ దగ్గర రోడ్డు పని చూసి గుంపునంతా బయల్దేరమన్నాడు. అందరూ మూటలు కట్టారు. యోహాను మాత్రం కట్టలేదు.

అతనికి ఒక గర్వం పుట్టింది. ఊళ్లో క్రిస్మస్ నాడు కూడా పటేలు అతనితో పెంట బండ్లు తోలించేవాడు. పండుగ అంటే, ఎవరి పండుగ, మాకు తెలియని పండుగేంది అని ఎగతాళి. ఇక్కడ చూస్తే దొరలు, కచేరీలు, దుకాణాలు అన్నీ తన పండుగకే తలుపులు వేసుకుంటున్నాయి.

"మన పండుగకు పట్నం పట్నమే బందువెట్టిండ్రు" అన్నాడు మల్లప్పతో. "ఇసొంటి దినం మల్ల వస్తదా? గీ యేడు నేను తట్ట మొయ్య. పెండ్లం పిల్లలతోని పండుగ జేసుకుంట."

మల్లప్ప చెడ్డవాడు కాదు, మంచివాడూ కాదు, మేస్త్రీ. పని లేనిచోట గింజలుండవు, నీ ఇష్టం అని చెప్పి గుంపును తీసుకుని పోయాడు. గుంపుతో పాటు విసుర్రాయి కూడా పోయింది.

అది ఆ ముగ్గురికీ పుట్టి బుద్ధెరిగాక మొదటి సెలవు. ఏం చెయ్యాలో మొదటిరోజు ఎవరికీ తోచలేదు. యోహాను అలవాటుగా పొద్దున్నే లేచి తలపాగా చుట్టుకుని, పని లేదని గుర్తొచ్చి మళ్లీ విప్పాడు. తరువాత రూతమ్మను భుజాలమీద ఎక్కించుకుని పట్నం చూడ బయల్దేరారు. ఎద్దులు లేకుండా పోయే ట్రాము చూశారు. ఓడలు చూశారు. అద్దాల దుకాణంలో కొయ్యగుర్రం ముందు రూతమ్మ మొండికేస్తే అక్కడే చాలాసేపు నిలబడ్డారు. ఎదురైన ప్రతి తెల్లవాడికీ యోహాను సలాం కొట్టేవాడు. మతం వరసన అందరూ చుట్టాలే అని అతని లెక్క. చుట్టాలు మాత్రం గుర్తుపట్టలేదు.

సముద్రాన్ని చూసి రూతమ్మ ఒక ప్రశ్న వేసింది. "నాయినా, గీ చెరువు ఏ పటేలుది?"

"ఎవలది గాదు బిడ్డా" అన్నాడు యోహాను. ఆ మాట ఈదమ్మకు ఎంతో బాగుంది. ఆ నాలుగు రోజులు ఆమె నిజంగా సంతోషంగా ఉంది. మొగుడు ఇంత మాట్లాడతాడని, మాటల మధ్య నవ్విస్తాడని ఆమెకు అంతవరకు తెలియదు. తెలుసుకోవడానికి తీరిక ఏది?

కానీ కడుపుకు సెలవుండదు. ఇంట్లో గింజలు అడుగంటాయి. పండుగ ముందురోజు సాయంత్రానికి మిగిలిన పిండితో కొంచెం జావ కాచి రూతమ్మకు పోశాక ఇంకేమీ లేదు, మూలన నిండుగా ఉన్న దేవుని కుండ తప్ప. యోహాను కాసేపు ఆ కుండను చూశాడు, కాసేపు పెళ్లాన్ని చూశాడు. చివరకు అనేశాడు.

"దేవునికి ఆకలైతదా? మనకైతాంది. జరన్ని తీస్తే ఏమైతది?"

"రేపు గుడికి కొంచవోయి పోసినంక విందుల తిందం. ఒక్క రాత్రికి సావం" అంది ఈదమ్మ.

"ఏ గుడి? మనల నెరిగినోళ్లు ఎవలున్నరే గీడ?"

"ఎరుగకపోతె ఎరుగకపోనీ. గవి తింటే మనం ఇచ్చెటోళ్లం గాము. మల్ల కొంగు వట్టెటోళ్లమే."

కళ్యాణ్ పోకుండా ఆపింది తన గొప్పే కాబట్టి యోహాను వెనక్కి తగ్గాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆకలి కడుపుతో నిద్ర పట్టక ఈదమ్మకు కూడా ఒక మాట తట్టింది, తాను చేస్తున్నది భక్తా, మొండితనమా అని. ఏదైనా ఒకటే అనుకుని కళ్లు మూసుకుంది.

పొద్దున ఉతికిన బట్టలు కట్టుకున్నారు. కుండను ఈదమ్మ ఎత్తుకోబోతే యోహాను తనే అందుకుని భుజాన పెట్టుకున్నాడు. గంటల చప్పుడు వినిపించిన దిక్కుకు నడిచారు. కొండంత రాతిగుడి అది. ముందు మోటార్లు, గుర్రబ్బండ్లు, టోపీల దొరలు, గౌనుల దొరసానులు. లోపలికి పోబోతే గేటు దగ్గర దర్వాను అడ్డం వచ్చాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారిదాకా కూడా పోనక్కర్లేకపోయింది. చెప్పులు లేని కాళ్లను, భుజాన కుండను ఒకసారి ఎగాదిగా చూసి, హిందుస్తానీలో, అటు పోయి కూర్చోండి అని గోడవైపు చెయ్యి చూపాడు. గట్టిగా కూడా అనలేదు. రోజూ అనే మాటలాగే అన్నాడు.

గోడవైపు చూసి ఈదమ్మ గుండె ఆనందంతో నిండిపోయింది. గోడ పొడవునా జనం వరుసగా కూర్చుని ఉన్నారు. ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లల తల్లులు. ఒక్కొక్కరి ముందూ ఒక పాత్ర. ఒకరిది రేకు డబ్బా, ఒకరిది సత్తు గిన్నె, ఒకరిది గుడ్డ కప్పిన మట్టి ముంత. అచ్చం తమ ఊరి గుడి ముందు క్రిస్మస్ పొద్దున కూర్చున్నట్టే.

"సూసినవా? గీడ గూడ పిడికెడు తీస్తరు" అంది మొగుడితో. ఇన్నాళ్లూ పరాయి ఊళ్లో ఉన్నామనుకుంది కానీ మన ఆచారం మనకంటే ముందే వచ్చి ఇక్కడ కూర్చుంది అనుకుంది. యోహాను కూడా నమ్మాడు. లోపల జాగా లేక బయట కూర్చోబెట్టారనుకున్నాడు, ఊళ్లో కూడా జనం ఎక్కువైతే అంతే కదా.

వరుస మధ్యలో ఒక ముసలామె పక్కన జాగా దొరికింది. ఈదమ్మ కుండ ముందు పెట్టుకుని, పక్కవాళ్ల పాత్రల్లోకి ఓరగా చూసింది. అన్నీ ఖాళీ. పట్నంలో గింజలకు కరువేమో, పాపం, ఎంత కొంచెం తెచ్చారో అనుకుంది. అట్లా అనుకుంటూనే, తన కుండే అందరికంటే నిండుగా ఉందన్న చిన్న గర్వం లోపల తలెత్తింది. కప్పిన గుడ్డ తీసి పక్కన పెట్టింది, చూసేవాళ్లు చూడనీ అని.

లోపల పాటలు ఆగిపోయాయి. తలుపులు తెరుచుకున్నాయి. ఇద్దరు దొరసానులు, వాళ్ల వెనక గంపలు మోస్తూ ఒక నౌకరు, గోడవైపు వచ్చారు. గంపలు కూడా వస్తున్నాయంటే ఈదమ్మకు ఇక అనుమానమే లేదు. సంఘం పెద్దలు గింజలు పోయించుకోవడానికి వస్తున్నారు. తన వంతు రాగానే ఆమె మోకాళ్లమీద లేచి, రెండు చేతులతో కుండను పైకెత్తి దొరసాని ముందుకు చాపింది.

దొరసాని చిరునవ్వు నవ్వింది. గంపలోంచి ఒక డబల్ రొట్టె, ఒక సంత్ర పండు తీసి ఆ జొన్నల మీద పెట్టింది. రూతమ్మ చేతికి ఒక రొట్టె, యోహాను ఒళ్లో ఒక రొట్టె పెట్టి, రూతమ్మ బుగ్గ నిమిరి, ఇంగిలీషులో ఏదో మంచి మాటే చెప్పి ముందుకు సాగింది.

ఈదమ్మ చేతులు చాపినవి చాపినట్టే ఉన్నాయి. ఇవ్వడానికి చాపినా అడగడానికి చాపినా చెయ్యి ఒక్కలాగే ఉంటుందని ఆమెకు అంతవరకు తెలియదు. మెల్లగా కుండ దించింది. వరుసను ఈ చివరి నుంచి ఆ చివరిదాకా మళ్లీ చూసింది. ఇప్పుడు ఆ పాత్రలన్నీ ఎందుకు ఖాళీగా ఉన్నాయో అర్థమైంది. చెవులు వేడెక్కిపోయాయి. అవ్వ కొంగు, పటేలు చేట, కోళ్లు, అన్నీ కళ్లముందు తిరిగాయి. రైలెక్కి రాజ్యం దాటి వచ్చినా చెయ్యి మళ్లీ కిందికే వచ్చింది.

అంతలో వరుస చివర గొడవైంది. గంపలో రొట్టెలు అయిపోయాయి. చివర కూర్చున్న కుంటివాడికి, ఇంకొకామెకు ఏమీ దొరకలేదు. దొరసానులు చేతులు తిప్పి చూపి మోటారెక్కారు. అప్పుడు పక్కనున్న ముసలామె ఈదమ్మవైపు తిరిగింది. ఆమె నోట తెలుగు ఊడిపడింది.

"నిండు కుండ ముందల వెట్టుకొని అడుక్కునెతందుకు వచ్చినవా బిడ్డా? గా కొసకున్నోళ్ల నోట్లె మన్ను గొడితివి."

మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకతె. దొరసాని రొట్టె పెట్టినప్పుడు రాని ఏడుపు ఈదమ్మకు ఆ తెలుగు మాటతో వచ్చింది. ఏడుస్తూనే చెప్పింది, తాను అడుక్కోవడానికి రాలేదని, ఇవి దేవుని గింజలని, పిడికెడు పిడికెడు తీసినవని, ఇక్కడ పోయడానికి తెచ్చానని. ముసలామె నవ్వలేదు. కొంచెం జాలిగానే చూసింది.

"ఇచ్చెటోళ్లు లోపట కూసుంటరు బిడ్డా. గోడకు కూసున్నమంటె తీసుకునెటోళ్లమే" అంది.

ఆమె పేరు నర్సింగమ్మ. దేవరకొండ దిక్కు మనిషి. వయసులో ఉన్నప్పుడు మొగుడితో ఇట్లాగే తట్టలు మోయడానికి వచ్చింది. ఆయన కట్టెల మంచె మీదినుంచి పడి చనిపోయాడు. ఊరికి పోవడానికి మొహం చెల్లక, పని చెయ్యడానికి ఒళ్లు సహకరించక, ఈ గోడకు చేరింది. ఇదంతా ఆమె ఏ బాధా లేకుండా, ఇంకొకరి సంగతి చెప్పినట్టు చెప్పింది.

యోహాను అప్పటికే లేచి నిలబడ్డాడు. మొహం మాడిపోయి ఉంది. ఊళ్లో పటేలు ముందు తల దించిన మనిషే, కానీ తన పండుగ నాడు, తన గుడి ముందు, తన ఒళ్లో బిచ్చం పడుతుందని అతను అనుకోలేదు. లే పోదాం అన్నాడు. ఈదమ్మ కదల్లేదు. గేటువైపు చూసింది, దర్వాను గొలుసు బిగిస్తున్నాడు. ఈ కుండ ఇంక ఎవరికి పోయాలి? ఇంటికి మోసుకుపోతే రేపు తినక తప్పదు. తింటే ఇన్ని నెలల పిడికెళ్లూ ఉత్త జొన్నలే.

ఆమె లేచి ముందు తన రొట్టె, మొగుడి రొట్టె తీసుకుపోయి చివర ఏమీ దొరకని ఇద్దరికీ ఇచ్చింది. రూతమ్మ తన రొట్టెను అప్పటికే సగం తినేసింది, దాని జోలికి ఎవరూ పోలేదు. తరువాత ఈదమ్మ కుండ తెచ్చుకుని నర్సింగమ్మ ముందు మోకాళ్లమీద కూర్చుంది. పిడికెడు జొన్నలు తీసి, ఆ చేతిని ఆమె డబ్బాలోపలికి అడుగుదాకా పోనిచ్చి, అక్కడ విప్పింది. పైనుంచి జారవిడవలేదు. అట్లాగే పక్కవాడికి, ఆ పక్కామెకు. అర్థం కానివాళ్లు మొదట పాత్ర వెనక్కి లాక్కున్నారు. యోహాను కాసేపు అట్లాగే నిలబడి చూశాడు. తరువాత వచ్చి, కుండ ఎత్తి ఆమె వెంట మోస్తూ పోయాడు. కుండ ఖాళీ అయింది.

కథ అక్కడ ఆగితే బాగానే ఉండేది కానీ, వచ్చిన చిక్కేమిటంటే, గోడకు కూర్చునేవాళ్లకు పచ్చి జొన్నలతో పనేముంది? విసుర్రాయి ఎవరికుంది? కుంటివాడు తన గిన్నెలో గింజలను వేలితో కదిలించి, వీటిని ఏం చేసుకోను అన్నట్టు చూశాడు. దానం చేసినమ్మకు ఆ ఊహే రాలేదు. నర్సింగమ్మకు వచ్చింది. గుడి వెనక సందులో ఆమెకు మూడు రాళ్ల పొయ్యి, వంటకు ఒక మసిబట్టిన డేగిసా గిన్నె ఉన్నాయి. అందరూ గింజలు తెచ్చి అందులో పొయ్యండి, గుగ్గిళ్లు ఉడకేస్తా అంది. ఒకరొకరే వచ్చి తమ పాత్రలు అందులో బోర్లించారు. ఈదమ్మ చూస్తూ నిలబడింది. ఊళ్లో సంఘం పెద్ద గంపలో పోయించుకునే తీరు అదే. ఇక్కడ పెద్ద లేడు, ప్రార్థన లేదు, కానీ పోసేది అట్లాగే పోస్తున్నారు.

గింజ జొన్న ఉడికేసరికి పొద్దు వంగింది. ఇన్ని ఉప్పురాళ్లు వేసి నర్సింగమ్మ అందరికీ పంచింది. యోహానుకు పెడితే గబగబా తిన్నాడు. అతనిలో అప్పటికి గర్వమంతా కరిగి ఆకలి ఒక్కటే మిగిలింది. రూతమ్మ కుంటివాడి పక్కన కూర్చుని అతనితో ఏ భాషలోనో ముచ్చట పెట్టింది. ఈదమ్మ మాత్రం గోడకు ఒరిగి దూరంగా కూర్చుంది. ఆకలి లేదంది. నిన్నటినుంచి ఏమీ తినని మనిషి ఆకలి లేదంటే ఎవరు నమ్ముతారు? అసలు సంగతి, ఇచ్చినదాన్ని ఇచ్చినట్టుగా మిగిలిపోదామని ఆమె కోరిక. పొద్దున ఒకసారి కిందికి పోయిన చేతిని ఎంతో కష్టపడి మీదికి తెచ్చుకుంది. మళ్లీ చాపడం ఆమె వల్ల కాలేదు.

నర్సింగమ్మ పిడికిట్లో గుగ్గిళ్లతో లేచి వచ్చింది. పిడికిట్లోంచి పొగలొస్తున్నాయి.

"చెయ్యి వట్టు" అంది.

ఈదమ్మ చేతులు కొంగులో దాచుకుంది. మీరు తినండి అవ్వా అంది.

ముసలామె పోలేదు. "బిడ్డా, నేను గీ గోడకు కూసున్నకాడికెల్లి ఒక్కలకు గింత పెట్టినదాన్ని గాను. నా చేతిది ఎవలు తింటరు? పొద్దుగాల నువ్వు పెడితె నేను వట్టలేదా? ఎప్పుడు నీ చెయ్యే మీదుండాల్నా?"

ఈదమ్మ తలెత్తి చూసింది. ముసలామె చెయ్యి కాలుతూ ఉండాలి, అయినా విప్పలేదు, పట్టుకునే నిలబడింది. ఆ పిడికిలిని చూస్తుంటే ఈదమ్మకు సిగ్గేసింది, పొద్దుటి సిగ్గు కాదు, వేరే సిగ్గు. కొంగులోంచి చేతులు బయటికి తీసి, రెండు అరచేతులూ కలిపి పట్టింది. నర్సింగమ్మ వంగి, తన చేతిని ఆ దోసిట్లోపలికి ఆనించి, మెల్లగా విప్పింది.

తరువాత ఆమె నిటారుగా నిలబడి, ఖాళీ అయిన తన చేతిని వెలుగుకు పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది, అది ఇంకెవరి చెయ్యో అన్నట్టు.

ఆ చూపు ఈదమ్మకు తెలుసు. గుగ్గిళ్లలో ఉప్పు కొంచెం ఎక్కువైంది. ఆమె ఒక్క గింజ కూడా వదలకుండా తిని, మళ్లీ చెయ్యి చాపింది.